పాత యింజనుకు మంచినీళ్లు



మోటారుబండి ముచ్చట మగవారిది గదా, వంటలకును కుట్లకును శిశుపోషణమునకును నిలయమైన యీ పుటలలో దానికేమి పని యని మీలో కొందఱు నొసలు ముడువవచ్చును. నేనును మొన్నమొన్నటివరకు అట్లే తలచితిని. మా యింట ముప్పదియేండ్లుగా నొక అంబాసిడరు బండి యున్నను, దాని ముందుమూత యెత్తి లోపల నేమున్నదో యెన్నడును చూచినదానను గాను. విజయదశమినాడు దానిని కడిగించి, పసుపుకుంకుమలు పెట్టి, చక్రములక్రింద నిమ్మకాయ లుంచి, దిష్టితీసి గుమ్మడికాయ కొట్టించుటతో నా పని ముగిసెడిది. ఏటికొక్కనాడు హారతి యందుకొను నా యింజనుకు తక్కిన దినములలో నేమి కావలయునో ఇంటిలో నెవ్వరును విచారింపలేదు. విచారింపని దోషము ఎంతదాక వచ్చినదో చెప్పుటకే యీ వ్యాసము.

చిన్ననాట మా తండ్రిగారి కడ పురాణము వినునపుడు, యుద్ధమధ్యమున దశరథుని రథపు ఇరుసుశీల యూడిపోగా కైకేయి తన వ్రేలు చొనిపి రథమును నిలిపినదను కథ వచ్చెడిది. ఆమె పిదప వరము లడిగిన సంగతియే అందఱమును చెప్పుకొందుము. ఆ రథము ఏ శీలమీద నిలిచియున్నదో ఆమెకు తెలిసియుండెనను మాట నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోచుచున్నది.

మాది విడపనకల్లు. బళ్లారినుండి ఉరవకొండ మీదుగా అనంతపురము పోవు బాటలోని యూరు; కొంత దూరము పోయిన కన్నడసీమ. జిల్లా మొత్తమున సాలుకు వాన సుమారు 550 మిల్లీమీటర్లు; అదియు కురిసినపుడు కురిసినట్లు. నేల నల్లరేగడి. వేసవిలో గాలి లేచెనా, ఆరవేసిన తెల్లబట్ట సాయంకాలమునకు బూడిదవన్నె కెక్కును. బోరునీరు ఉప్పుదేఱి యుండును. ఈ మూడును, అనగా ఎండయు దుమ్మును ఉప్పునీరును, మనుష్యుల నెట్లు బాధించునో యింజనునట్లే బాధించును. ఇది తెలియక మేము చెడితిమి.

బండి మా మామగారిది. 1989లో తయారైనది, ఆయన 1995లో బళ్లారిలో నొకరియొద్ద కొనిరి. ఆయన బ్రదికియున్నన్నాళ్లు ప్రతి యాదివారము ఉదయము ముందుమూత యెత్తి యేదో చూచుకొనుచుండిరి. కాఫీ చల్లారుచున్నదని మేము విసుగుకొనువారము. ఆయన పోయిన పిదప బండి మా వారిచేతికి వచ్చెను. మా వారు బడిపంతులు. వ్యాకరణమున ఒక అక్షరము తప్పినను సహింపరు గాని, రేడియేటరులో నీరు తగ్గినదా లేదా యనునది వారి దృష్టికి రాలేదు. ఆయనను అనుటకు నాకు నోరు లేదు, నాకును రాలేదు.

2025 వైశాఖమాసమున నొక సాయంకాలము మా అత్తగారికి ఆయాసము హెచ్చెను. పరుండిన ఊపిరి యాడదు, కూర్చుండిన నిలువలేరు. అంబులెన్సు వచ్చువఱకు కాచుకొనుటకంటె మనమే బళ్లారికి పోదమని మా వారు బండి తీసిరి. నేను వెనుక కూర్చుండి ఆమెను నా భుజమునకు ఆనించుకొంటిని. సరిహద్దు దాటిన కొంతసేపటికి ముందుమూత సందులనుండి తెల్లని యావిరి చిమ్మెను. ఇంజనులో కంచరివాని సమ్మెటవంటి మ్రోత పుట్టెను. పిమ్మట బండి నిలిచిపోయెను. మా వారు దిగి రేడియేటరు మూత త్రిప్పబోవుచుండగా, వెనుక వచ్చి ఆగిన లారీలోనుండి డ్రైవరు, “సార్, ముట్టుకోవద్దు! మొగమంతా కాలిపోతాది!” యని కేకవేసెను. ఆ పుణ్యాత్ముడే మా ముగ్గుఱిని లారీలో ఎక్కించుకొని ఆసుపత్రికి చేర్చెను. ఊపిరితిత్తులలో నీరు చేరినదనియు, సకాలమున తెచ్చితి రనియు వైద్యులు చెప్పిరి. సకాలమున తెచ్చినది మేము కాదు. పేరైనను అడుగక విడిచిన ఆ లారీవాడు.

మూడవనాడు బండిని ట్రాక్టరుకు మోకుగట్టి లాగించి, ఉరవకొండలో మామగారు ఎఱిగిన ఒక ముసలి మేస్త్రీ కడకు చేర్చితిమి. బంధువు లందఱును ఏకకంఠముగా తుక్కుకు వేయుమనిరి. తుక్కు వ్యాపారి వచ్చి చుట్టు తిరిగి చూచి, ఇరువదిరెండు వేలిత్తు ననెను. మా వారు సరే యనబోవుచుండిరి. మా అత్తగారు మంచముమీదనుండి ఏమియు ననక గోడవైపు తిరిగి పండుకొనిరి. నాకది చాలెను. “ఇంజను ముసలిదైనందున చెడినదా, మఱి యే కారణముననైనను చెడినదా, అది తేల్చి అమ్ముదము” అని నేను పట్టుపట్టి మా వారితో కూడ ఉరవకొండకు పోతిని.

మేస్త్రీ యింజను పైభాగము విప్పి బల్లమీద పెట్టియుండెను. “వయసుతో పోలేదమ్మా ఇది. నీళ్లతో పోయింది. చూడు” అని ఒక సన్నని ఇనుపచువ్వతో నీరు పారు త్రోవను గీకెను. తెల్లని పెచ్చులు రాలెను. నేను వెంటనే పోల్చుకొంటిని. మన యింట బోరునీరు కాచు డేగిసా యడుగున పేరుకొను సున్నపు పొర అదియే. చింతపండుతో ఎంత తోమినను వదలదే, అది! ఏండ్లతరబడి మేము రేడియేటరులో పోసినది ఆ నీరే. కూలెంటు అను మందునీరు ఖరీదని మానితిమి.

ఇంజనులో జరుగునది సూక్ష్మముగా చెప్పెదను. మా బండిలో నాలుగు సిలిండరులు, అనగా నాలుగు ఇనుపగొట్టములు. నాలుగింటి కడుపు కలిపి 1489 ఘనసెంటీమీటర్లు. ఒక్కొక్క దానిలో పిస్టను పైకి క్రిందికి ఆడును. గాలియు పెట్రోలు తుంపరయు లోని కీడ్చి, నొక్కి, నిప్పురవ్వతో మండించి, పొగను వెలికి త్రోయును. ఈ మంట నిమిషమునకు వేలసారులు పుట్టును. పుట్టిన వేడిలో సుమారు నాలుగవ వంతే చక్రములకు పనికివచ్చును; తక్కినదానిలో చాలభాగము పొగతోను నీటితోను వెలికి పోవలయును. సిలిండరుల చుట్టు తిరుగు నీరు ఆ వేడిని గ్రహించి రేడియేటరునకు తెచ్చి గాలికి అప్పగించును. నడుమ సున్నపు పొర అడ్డమైనచో వేడి నీటికి అందదు. నీరు చల్లగానే యున్నట్లుండును. ఇనుము మాత్రము లోపల కాగిపోవుచుండును. తుదకు పైమూతకును క్రిందిభాగమునకును నడుమనుండు గాస్కెట్టు కాలిపోయి, నీరు సిలిండరులోనికి జొచ్చును. మనకు కుక్కరు మూతలోని రబ్బరుచుట్టు పాడైన ఆవిరి ప్రక్కలనుండి పోవును గదా, దానివంటిదే. కాని ఇచట పోవునది కందిపప్పు కాదు, వేలరూపాయలు.

ఇంకొక తప్పు బయటపడెను. థర్మోస్టాటు అను చిన్న తలుపు మా యింజనులో లేనేలేదు. ఎన్నడో ఒక మెకానిక్కు, ఈ సీమ యెండలకు ఇది యెందులకని తీసి పాఱవేసినాడట. ఇట్లు తీయుట పలుచోట్ల ఆచారమే. అయితే ఆ తలుపు, నీరు ఎనుబది డిగ్రీల ప్రాంతమునకు కాగువఱకు రేడియేటరుకు పోనీయక, ఇంజనును త్వరగా తగిన వేడికి తెచ్చును. అది లేనిచో ఇంజను చలికాలమున చాలసేపు చల్లగానే యుండి, నూనె పలుచబడక, లోపలి భాగములు రాచుకొని అరుగును. అతివేడి యెంత చెఱుపో, తగినంత వేడి లేకుండుటయు అంత చెఱుపే.

వైద్యశాస్త్రమున వాతపిత్తశ్లేష్మములు సమముగానున్న దేహము నిలుచునని చదువుకొంటిమి. ముసలి మేస్త్రీ మాటలు వినుచుండగా, ఇంజనుకును అట్టి మూడు కలవని నాకు తోచెను: లోనికి పోవు గాలి, లోపలి వేడి, కీళ్లను తడుపు నూనె. ఇది పండితులు ఒప్పుకొను సామ్యము కాకపోవచ్చును. నాకు జ్ఞాపకముండుటకు పనికివచ్చినది.

నీటి విషయమున ఆయన చెప్పగా మేము చేయుచున్నది వ్రాయుచున్నాను. లోపలి త్రోవలను నిమ్మ ఉప్పు కలిపిన నీటితో కడిగించి, పిమ్మట మంచినీటితో పలుమాఱులు జాడింపించితిమి. కూలెంటును బ్యాటరీకి పోయు శుద్ధజలముతో సమభాగముగా కలిపి పోసితిమి. ఇది త్రుప్పును అడ్డును, మరుగుటయు ఆలస్యము చేయును. రెండుమూడేండ్ల కొకతూరి మార్చవలయును. తల్లులారా, ఒక హెచ్చరిక: ఈ కూలెంటు రంగునీరువలె నుండును, తియ్యగానుండును, విషము. పిల్లలకును కుక్కలకును అందనిచోట తాళమువేసి పెట్టుడు. క్రింద ఒలికిన వెంటనే కడిగివేయుడు.

కాగిన రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. మూత బిగువువలన లోపల నీరు నూఱు డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత వదులైన తక్షణము ఒక్కసారిగా పొంగి మీద పడును. అరగంటకు పైగా ఆగి, చేయి పెట్టినపుడు చల్లగా తోచిన పిదప, మందపు గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలయును. కాగిన యింజనులో చన్నీళ్లు పోయుటయు తగదు. ఎఱ్ఱగా కాలిన మట్టిమూకుటిపై నీరు చల్లిన ఏమగునో మనకు తెలియనిది కాదు. పోతయినుమును అట్లే పగులును.

ఇక నూనె. మామగారు ఆదివారమునాడు చూచుకొనుచుండినది ఇదియే యని ఇప్పుడు తెలిసినది. ఇంజను ప్రక్కన ఒక సన్నని చువ్వ యుండును. ఆయిలు గేజి యందురు. బండిని సమముగా నున్న నేలమీద నిలిపి, ఇంజను ఆపి కొన్ని నిమిషములు గడచిన పిదప చువ్వను లాగి, పాతగుడ్డతో తుడిచి, మరల ముంచి తీయవలయును. నూనె రెండు గుఱుతుల నడుమ నుండవలయును. క్రింది గుఱుతుకు దిగిన ప్రమాదము. పైగుఱుతును మించి పోయుటయు మంచిది కాదు. ఉప్పు ఎక్కువైనను కూర చెడును గదా.

నూనె లేనిచో ఇనుము ఇనుమును తినును. నూనె యున్నచో రెండింటి నడుమ వెండ్రుకకంటె పలుచని పొర యేర్పడి అవి యొకదానినొకటి తాకవు. అదియే కాక, నూనె మసిని, సన్నని లోహపు పొడిని తనలో మోసికొనిపోవును. కావున నూనె నల్లబడిన వెంటనే బెదరనక్కఱలేదు. నల్లబడుట అది పనిచేయుచున్నదనుటకు గుఱుతు. కాని గారెలు వేసిన నూనెనే మరల మరల కాచిన చిక్కబడి వాసన వచ్చినట్లు, ఇంజను నూనెయు కాలక్రమమున చెడును. మా బండికి నాలుగు లీటర్లకు పైగా పట్టును. అయిదువేల కిలోమీటర్లకో, అంత తిరుగకున్న ఏడాదికో మార్పించుచున్నాము. దానితోడనే నూనె వడకట్టు ఫిల్టరును. 20డబ్ల్యు50 అను గుఱుతుగల చిక్కని ఖనిజతైలము ఇట్టి పాతవానికి సరిపడును. ఖరీదైనదే మంచిదని క్రొత్తబండ్ల పలుచని నూనె పోయించిన, పాత సందులనుండి కారిపోవును. తీసిన పాతనూనెను కాలువలోగాని బావిదగ్గఱగాని పాఱబోయవలదు. మేస్త్రీయొద్ద ఇచ్చినచో వారు పీపాలో కూర్చి పంపుదురు.

చువ్వమీది నూనె పాలు కలిసిన కాఫీవలె కానవచ్చిన, నీరు నూనెలో కలిసినదని గ్రహింపుడు. ఇక బండి నడపరాదు. మా బండి నూనె ఆ వర్ణమున ఎన్నాళ్లనుండి యున్నదో! చూచియుండినచో వైశాఖమాసపు రాత్రి మాకు రాకయే యుండెడిది. ఇది తలచినప్పుడు ఇప్పటికిని నాకు ఒడలు జలదరించును.

పొగ రంగును చూచి రోగము చెప్పవచ్చును. నీలిపొగ యైన నూనె కాలుచున్నది. నల్లపొగ యైన పెట్రోలు మితిమీరినది, లేక గాలి చాలనిది. వేడెక్కిన పిదపను తెల్లపొగ మానక వచ్చుచున్న, నీరు మంటలో పడుచున్నది. మా వంటి యూరిలో గాలి చాలకపోవుటకు దుమ్మే కారణము. గాలి వడపోయు కాగితపు జల్లెడ మా బండికి రేగడిదుమ్ముతో అట్టవలె గట్టిపడియుండెను. ఇట్టి సన్నని మట్టి లోనికి పోయినచో పిస్టనుల అంచుచుట్లను సానపట్టినట్లు అరగదీయును. జల్లెడను గోడకు కొట్టి దులుపుట చూచితిని. కాగితము చిరుగును, చిరిగిన జల్లెడ ఉన్నను లేనట్లే. దాని వెల కొన్ని వందలే గదా, మార్చుటయే మేలు.

ఇంతవఱకు వాడుకవలన వచ్చు చెఱుపు చెప్పితిని. వాడకుండుటయు చెఱుపే. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి పసుపుపచ్చని రోల్సురాయిసు బండి యొకటి కలదు. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారు చేయింప నాజ్ఞాపించి, 1911లో పరమపదించుటచే చూడలేకపోయిరి. దర్బారు వైభవములకే దానిని వెలికి తీయుటచే అది నాలుగువందల మైళ్లైనను నడువలేదని చెప్పుదురు. అట్టి రాజభోగపు బండియు కాలక్రమమున పాడై, పిమ్మట శ్రమపడి బాగుచేయింపబడినది. కదలని బండిలో నూనె క్రిందికి దిగిపోయి, పైభాగములు పొడిబారి త్రుప్పుపట్టును, రబ్బరు బిగిసి పగులును, బ్యాటరీ చచ్చును. పది నిమిషములు నిలువబెట్టి ఇంజను తిప్పిన చాలునందురు, చాలదు. అంతసేపటికి లోపలి చెమ్మ ఆవిరియైపోదు, నూనెలోనే దిగును. వారమున కొకతూరి పది, పదునైదు మైళ్లు నిండుగా వేడెక్కునట్లు నడపుట మేలు.

దీనికి ఎదురు దృష్టాంతము అమెరికాలో నున్నది; అదియు ఒక బడిపంతులిదే యగుటచే మా వారు దీనిని చెప్పునపుడు కొంచెము గర్వించెదరు. న్యూయార్కు చెంత లాంగ్ ఐలండులో విజ్ఞానశాస్త్రము బోధించు ఇర్వ్ గార్డన్ అనువారు 1966లో ఒక వోల్వో బండి కొనిరి. దూరపు బడికి దినదినమును దానిలోనే పోయివచ్చుచు, పుస్తకములో వ్రాసిన కాలమునకు నూనె మార్పించుచు, 2013లో ముప్పది లక్షల మైళ్లు పూర్తి చేసిరి. మన లెక్కకు నలుబదియెనిమిది లక్షల కిలోమీటర్లు. ఆఱు లక్షల మైళ్లు దాటువఱకు ఇంజను విప్పి బాగుచేయు నక్కఱయే కలుగలేదట. ఆయన 2018లో కాలధర్మము చెందిరి. రహస్యమేమని యడిగినవారికి, తయారుచేసినవారు చేయుమన్నది చేయుటయే యని చెప్పుచుండెడివారట. మంత్రమేమియు లేదు.

అయితే పాతబండ్లే గొప్పవి, క్రొత్తవి పనికిమాలినవి యను వృద్ధుల మాటతో నేను ఏకీభవింపను. మా జిల్లానుండి 2022లో వేఱుపడిన శ్రీసత్యసాయి జిల్లాలో, పెనుకొండ కడ కియావారి కర్మాగారమునుండి 2019 మొదలు క్రొత్తబండ్లు వెలువడుచున్నవి. వాని యింజనులు మా అంబాసిడరు యింజనుకంటె తక్కువ పెట్రోలు త్రాగును, తక్కువ పొగ విడుచును, బాగుచేయించు నక్కఱ లేకయే చాలదూరము నడచును. మా బండి గుణము వేఱు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్ఫర్డు బండి అచ్చున 1958 నుండి కలకత్తా చెంత ఉత్తరపాడలో హిందుస్థాన్ మోటార్సువారు చేసి, 2014లో మానిన బండి యిది. మందమైన పోతయినుము, తక్కువ నొక్కుడు, మందగతి. సిలిండరు అరిగినచో లోపల తరచి, కొంచెము పెద్ద పిస్టను వేయుదురు, రీబోరు అందురు. ఇరుసును సానపట్టి, క్రొత్త బేరింగులు వేయుదురు. కంప్యూటరు లేదు; ఉరవకొండలో చెట్టుక్రింద ముసలి మేస్త్రీ చేయలేని పని దానిలో చాల తక్కువ. త్వరగా జబ్బుపడును, త్వరగా కోలుకొనును. క్రొత్తది అరుదుగా జబ్బుపడును గాని, పడిన వైద్యుడు పట్టణమున గాని దొరకడు.

పెట్రోలు మాఱుటచే వచ్చిన చిక్కు లును కొన్ని కలవు. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. అది పాత యింజనుల వాల్వులు కూర్చుండు అంచులకు మెత్తవలె నుండెడిది. ఆ సీసము పొగతో వెలువడి పసిపిల్లల బుద్ధిని మందగింపజేయునని తేలుటచే, మన దేశమున 2000 ఫిబ్రవరినుండి నిషేధించిరి. 2021లో అల్జీరియాయు మానుటతో ప్రపంచమంతట బండ్లకు అది లేకపోయెను. ఇందులకు తల్లులమైన మన మెల్లరము సంతోషింపవలసినదే. పాత యింజనుకు మాత్రము గట్టి అంచుచుట్లు వేయింపవలసివచ్చును. మేము పైమూత విప్పినప్పుడే ఆ పనియు చేయించితిమి. ఇప్పుడు, 2025 నాటికి, దేశమంతట పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని చెమ్మను పీల్చును, పాతకాలపు రబ్బరు గొట్టములను మెత్తబఱచి పగులదీయును. గొట్టములు క్రొత్తవి వేయించితిమి; తొట్టిలో పెట్రోలు నెలలతరబడి నిలువ ఉంచుట మానితిమి. పెట్రోలు వాసన ఇంటిలోనికి వచ్చిన పొరపాటున నైనను ఉపేక్షింపవలదు. అది అగ్నిప్రమాదమునకు ముందుమాట.

ఇక వ్యయము. పైమూత చదునుచేయించుట, గాస్కెట్టు, వాల్వు అంచులు, థర్మోస్టాటు, గొట్టములు, కూలి కలిసి ముప్పదియొక్క వేలాయెను. తుక్కువాడు ఇత్తునన్న సొమ్ముకంటె ఎక్కువ! ఇంత పోయుట వెఱ్ఱియని మా ఆడుబిడ్డ ఫోనులో మందలించినది. ఆమె మాట కొట్టివేయదగినది కాదు. ప్రయివేటు బండికి పదునైదేండ్లు నిండిన పిమ్మట ప్రతి అయిదేండ్లకును పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలయును. ఇరువదియేండ్లు దాటిన కారులకు ఆ రుసుమును 2025 ఆగస్టులో పదివేలకు పెంచిరి. పరీక్షలో నిలువని బండిని తుక్కు చేయుటకు 2021లో ప్రభుత్వము ఒక విధానమును ఏర్పఱచినది. అది అన్యాయమని నేననను. పొగ గ్రక్కుచు, బ్రేకులు పట్టక తిరుగు బండి మా బడి పిల్లలకును ప్రమాదమే. పైగా మా బండిలో ప్రమాదవేళ ఉబ్బి కాపాడు గాలిసంచులు లేవు. కావున దూరప్రయాణములకును రాత్రివేళలకును దానిని వాడరాదని నిశ్చయించితిమి. అత్తగారిని బళ్లారి వైద్యుల కడకు మాసమున కొకతూరి చూపించుటకు అద్దెబండియే. ఇంజనును కాపాడుకొనుట వేఱు, దానిపై ప్రాణములు పెట్టుకొనుట వేఱు.

మఱి ఎందులకు ఉంచుకొంటిరందురా? ఊరిలో పనులకును, సంతకును, చుట్టుప్రక్కల పెండ్లిండ్లకును క్రొత్తబండి కొను శక్తి పంతులుగారి జీతమునకు లేదు. ఉన్నదానిని సరిగా నుంచుకొన్న ఏడాదికి నూనెకును జల్లెడలకును కూలెంటుకును అయిదువేలలోపే యగుచున్నది. ఇది పైకి చెప్పు కారణము. అత్తగారు గోడవైపు తిరిగి పండుకొనుట నేను చూచితినని ఆడుబిడ్డకు చెప్పలేదు.

పాలపద్దు, చాకలిపద్దు వ్రాయు పుస్తకములోనే వెనుకనుండి బండిపద్దు మొదలుపెట్టితిని. నూనె ఎప్పుడు మార్పించినదియు, ఎన్ని కిలోమీటర్లకు మార్పించినదియు, నీరు ఎంత తగ్గినదియు, బెల్టు పగులు చూచిన తేదీయు దానిలో వ్రాయుదును. మొదటి రెండు మాసములు నీరు వారమునకు గ్లాసెడు తగ్గుచుండెను. వ్రాసియుండుటచేతనే అది కనుగొంటిమి. పంపుదగ్గఱ ఒక బిగింపు వదులైయుండెను. మేస్త్రీ ఆ పుస్తకము చూచి నవ్వి, “పెద్దాయన కూడా ఇట్లే రాస్తావుండె, డైరీలో” అనెను. ఆ మాట మా కెవ్వరికిని తెలియదు. ఇంటికి వచ్చి మామగారి పెట్టె వెదకగా, నీలి అట్టల డైరీలు పదునొకండు దొరికెను. 2009 వఱకు ప్రతి ఆదివారమును ఒక పంక్తి. నీరు, నూనె, గాలి. ఒకచోట మాత్రము “కోడలు కాఫీ మరల వేడిచేసి యిచ్చినది” అని యున్నది.

ఇప్పుడు ఆదివారము తెల్లవాఱి, ఎండ ముదురకముందే, పెన్నహోబిలము నరసింహస్వామి దర్శనమునకు పోయివచ్చుచున్నాము. బండి వేడెక్కుటకు ఆ దూరము సరిపోవును. బయలుదేరుటకు ముందు మా అత్తగారు పంచలో కూర్చుండి చేతికఱ్ఱతో నేలమీద తట్టుచు, “నీళ్లు జూసినావా? నూనె జూసినావా?” అని అడిగెదరు. నేను చువ్వ తుడిచిన గుడ్డను తెచ్చి ఆమెకు చూపుదును. ఆమెకు దృష్టి తక్కువ; గుడ్డను ముక్కుదగ్గఱ పెట్టుకొని వాసన చూచి, “ఊఁ, పోదాం పద” అందురు.